పిండిలో గాలి

ఇడ్లీపిండి పొంగుతుంది. ఈ సంగతి తెలియని తెలుగు ఆడది ఖరగ్‌పూర్‌లో లేదు. తెలిసి కూడా ఇన్నేళ్ళలో ఒక్కతీ నా పిండి గురించి నోరెత్తలేదంటే అది వాళ్ళ మంచితనమో బద్ధకమో నేను చెప్పలేను. ఎత్తింది ఒక్కావిడే. ఎత్తడమంటే మామూలుగా కాదు, ఏకంగా సర్కారునే మా వీధిలోకి లాక్కొచ్చింది.

ముందు నా వ్యాపారం గురించి చెప్పాలి. మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన పోయాక క్వార్టరు ఖాళీ చేసి, ట్రాఫిక్ కాలనీ వెనక వీధిలో ఒక గదీ వరండా అద్దెకి తీసుకున్నాను. రైల్వే వాళ్ళు పెన్షను ఇస్తారు, తిండికి లోటు లేదు. కానీ పెన్షను అన్నం పెడుతుందే తప్ప మాట్లాడదు కదా. మాట్లాడేది పిండి. పిండి కోసం రెండు పూటలా జనం వస్తారు. హిజ్లీ క్యాంపస్ నుంచి తెలుగు మేష్టర్ల పెళ్ళాలు స్కూటీల మీద వస్తారు, సాలువా పోలీసు క్యాంపు నుంచి ఒకావిడ టిఫిను క్యారియరు పట్టుకుని వస్తుంది. వచ్చినవాళ్ళు ఊరికే పోరు. అత్తని తిడతారు, మొగుణ్ణి తిడతారు, నా వీపు నొప్పి అడుగుతారు. ఆ వరండా ఖాళీ అయిపోతే నేను గోడకి కబుర్లు చెప్పుకోవాలి. అందుకని ఈ కథలో నాకు పోయేదేమిటో మీరు గుర్తుపెట్టుకోండి. డబ్బులు కాదు. ఆ వరండా.

పొద్దున్న నానబెడతాను, మధ్యాహ్నం గ్రైండర్లో రుబ్బుతాను. వర్క్‌షాపు సైరను మోగే వేళకి తాజా పిండి తయారు. సాయంత్రం అమ్మగా మిగిలింది టబ్బులోనే ఉండి, తెల్లారేసరికి రెండింతలై మూతని నెత్తిన పెట్టుకుని కూర్చుంటుంది. దాన్ని పొద్దున్న ఆరింటి నుంచి అమ్ముతాను. రెండు పూటలా ఒకటే రేటు, ఒకటే మగ్గు.

ఆ మగ్గు మా ఆయనది. తెల్ల ఎనామిలు మగ్గు, అంచుకి నీలం గీత. ఆయన దాంతో స్నానం చేసేవాడు. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా ఫర్వాలేదు, మగ్గు నా దగ్గర లేదు.

ఒకరోజు, ఆయన బతికున్నప్పుడే, పాత క్వార్టరు గుమ్మంలో నేను పొద్దున్న పిండి పోస్తుంటే పక్కన కూర్చుని చూశాడు. చూసి చూసి నవ్వాడు.

"ఏటే, గాలి అమ్ముతన్నావ్?"

"ఏటి గాలి?"

"సాయంత్రం మగ్గులో పిండుంటాది. పొద్దున్న మగ్గులో సగం గాలే కదేటి. అడుగునుంచి ఓపాలి కలిపి పొయ్యి, గాలి పోతాది."

నిజమే. పొంగిన పిండిని గరిటెతో అడుగునుంచి తిప్పితే బుడగలన్నీ పోయి చతికిలబడుతుంది. అప్పుడు మగ్గు నిండా పిండే ఉంటుంది. ఆయన ఆ మాట అన్న మర్నాటి నుంచి నేను టబ్బు దగ్గరికి గరిటెని రానివ్వలేదు. పైపైన, మెల్లిగా, పసిపిల్ల తలకి నూనె రాసినట్టు ముంచి పోసేదాన్ని. అంతకుముందు తెలియక చేసిన పని ఆ రోజు నుంచి తెలిసి చేశాను. ఆయన నాకు నేర్పిన విద్య అదొక్కటే, దాన్నీ తిరగేసి వాడుకున్నాను.

ఇక ఆవిడ సంగతి. మా ఎదురింట్లో రిటైరయిన రైలు గార్డు ఉంటాడు. ఆయన భార్య నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది, అప్పా అని పిలుస్తాను. మా వైపు అక్కని అలాగే అంటాం. ఆవిడకి సుగరొచ్చింది. డాక్టరు కొలిచి తినమన్నాడని ఇంట్లో వాళ్ళు అరచెయ్యంత ఎలక్ట్రానిక్ తూకం ఒకటి కొనిచ్చారు. అంతే, మా వీధికి చెడ్డరోజులు మొదలయ్యాయి. అన్నం తూచింది. చేపలవాడి చేపల్ని గుమ్మంలో నిలబెట్టి మళ్ళీ తూచింది. వాడు మా వీధి ఎక్కడం మానేశాడు. అగరొత్తుల కట్ట తూచింది. ఆ తూకం మీద పట్టే పనైతే గార్డుగార్నీ తూచేదే.

చివరికి నా పిండి తూచింది. ఒక్కరోజు కాదు, వారం రోజులు. సాయంత్రం ఒక మగ్గు, పొద్దున్న ఒక మగ్గు. తూచినదల్లా తెలుగు క్యాలెండరు చింపిన కాగితం వెనక రాసింది. నాకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. రోజూ వచ్చి నా వరండాలో కూర్చుని, నా టీ తాగి, నా పిండి పట్టుకెళ్ళి తూచేది.

వేసవి ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం వీధిలోకి మైకు కట్టిన బండి వచ్చింది. కొనేవాళ్ళ హక్కులట, కలకత్తాలో సర్కారు చట్టాన్ని గట్టి చేసిందట, పూజా మైదానంలో మీటింగు, అందరూ రావాలి అని బెంగాలీలోనూ హిందీలోనూ అరిచింది. నేను హక్కుల కోసం వెళ్ళలేదు. టీ, సింగారా, అంటే మన సమోసాయే, ఇస్తారని వెళ్ళాను. బెంగాలీ సింగారాలో వేరుశెనగ గుళ్ళు వేస్తారు, అవంటే నాకు ప్రాణం. అందుకే అందరికంటే ముందు వెళ్ళి మొదటి వరసలో కుర్చీ పట్టాను.

సర్కారు ఆఫీసు నుంచి వచ్చినావిడ చిన్న వయసుది. నూలు చీర, కళ్ళజోడు, గొంతు మాత్రం ప్లాట్‌ఫారం మీద అనౌన్సుమెంటులాగా ఖంగుమంటుంది. అందరూ దీదీ అంటే నేనూ దీదీ అన్నాను, నా మనవరాలి వయసుంటుందేమో. ఆవిడ చెప్పింది నాకర్థమైనంత వరకు ఇది: ఇకనుంచి పెద్ద దుకాణమైనా గుమ్మంలో బుట్ట పెట్టుకున్న మనిషైనా ఒకటే. తూచి అమ్మేదాన్ని తూచే అమ్మాలి. మోసపోయినవాళ్ళు వకీలు దగ్గరికి పోనక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసిస్తే చాలు, ఆఫీసు వాళ్ళే వీధికి వచ్చి పరీక్ష చేస్తారు. వస్తువు ఒకసారి అమ్మాక వాపసు తీసుకోబడదని బోర్డు పెట్టడం కూడా తప్పేనట. నేను చప్పట్లు కొట్టాను. నోట్లో సింగారా ఉంది, అయినా కొట్టాను. గోల్‌బజార్‌లో చీరల దుకాణంవాడు నాకు చిరుగు చీర అంటగట్టిన సంగతి గుర్తొచ్చి, ఎవరైనా వాడి మీద రాసిస్తే బాగుణ్ణనుకున్నాను.

"బోలున్, ఎవరికైనా ఫిర్యాదు ఉందా?" అని దీదీ అడిగింది. బోలున్ అంటే చెప్పండి అని.

ఎవరూ లేవలేదు. ఫ్యాన్ల దుకాణం మీద గొణిగేవాళ్ళూ ఫోను కంపెనీని తిట్టేవాళ్ళూ అందరూ సింగారా వైపు చూస్తున్నారు. అప్పుడు నా వెనక కుర్చీ కిర్రుమంది. అప్ప లేచింది. చేతిలో క్యాలెండరు కాగితం.

"నాకుంది దీదీ. ఇడ్లీపిండి మీద."

నాకు ముందు అర్థం కాలేదు. ఇంకెవరు అమ్ముతున్నారబ్బా పిండి, నాకు పోటీ ఎవరబ్బా అనుకున్నాను. నేనే అని తెలియడానికి అంతసేపు పట్టింది.

హిందీ, బెంగాలీ, తెలుగు మూడూ కలిపి చదివింది. సాయంత్రం మగ్గు కిలోకి కాస్త ఎక్కువ. పొద్దున్న మగ్గు అరకిలోకి కాస్త ఎక్కువ. వారంలో ఒక్కరోజు కూడా తప్పలేదు. చదువుతూ చదువుతూ నా వైపు చెయ్యి చూపించింది. మైదానంలో ఉన్న జనమంతా నన్ను చూశారు. నేను సింగారా పొట్లాం చీరలో దాచుకున్నాను. ఎందుకు దాచానో తెలియదు, అది సర్కారే ఇచ్చింది.

"ఏటప్పా ఇది?" అన్నాను లేచి. "నా వరండాలో కూసుని నా టీ తాగి, నా మీద సర్కారుకి సెప్తావేటి?"

"టీ బాగుంటాది. పిండి తూకమే బాగోదు."

"మగ్గుకి ఇంతని అమ్ముతన్నాను గానీ కిలోకి ఇంతని ఎప్పుడైనా సెప్పినానా?"

"మరి పొద్దున్న మగ్గూ సాయంత్రం మగ్గూ ఒకటేనేటి?"

"మగ్గు ఒకటే! నీ కళ్ళు రెండు!"

జనం నవ్వారు. దీదీ నవ్వలేదు. కాగితం తీసుకుంది, శుక్రవారం పొద్దున్న ఏడింటికి వస్తాననీ అందరి ముందూ నా మగ్గుతోనే పిండి పోయించి తూస్తాననీ చెప్పింది. తక్కువ తేలితే మగ్గు పట్టుకెళ్తారు, అమ్మకం ఆపేస్తారు. అంతవరకు ఏదీ మార్చకూడదు. ఇదంతా నాతో మర్యాదగానే చెప్పింది, మాసీమా అని, అంటే పిన్నిగారూ అని పిలిచి చెప్పింది. మర్యాదగా చెబితే ఇంకా భయమేసింది.

ఆ నాలుగు రోజులూ అప్ప నా వరండాకి రాలేదు. నేను ఎదురింటి వైపు చూడలేదు. చూడలేదంటే, చూశాను, కానీ ఆవిడ చూడనప్పుడు. వీధి ఆడవాళ్ళంతా నా పక్షమే. పిండి కొనే ప్రతి ఒక్కతీ ఒక ముక్క అని పోయేది.

"ముసిలిదానికి తూకం పిచ్చి పట్టినాది పిన్నీ. నువ్వు బెంగెట్టుకోకు."

"నీ పిండి మాకు తెలీదేటి?"

వాళ్ళు నన్ను వెనకేసుకొస్తున్నది నేను మంచిదాన్నని. నేను దొంగనని నాకు తెలుసు. శుక్రవారం తక్కువ తేలితే దీదీ మగ్గు పట్టుకుపోవడం ఒక ఎత్తు, ఈ ఆడవాళ్ళు నన్ను చూసే చూపు ఇంకో ఎత్తు. ఆ చూపుతో మళ్ళీ నా గుమ్మం తొక్కరు. పోనీ ఆ రోజు గరిటెతో అడుగునుంచి కలిపి పోద్దామంటే, అందరూ చూస్తుంటారు. ఇన్నేళ్ళుగా ముంచే పద్ధతి వాళ్ళకి తెలుసు. ఆ పొద్దున్నే గరిటె తిప్పితే ఒప్పుకున్నట్టే.

గురువారం పప్పు కడుగుతుంటే ఉపాయం తట్టింది. పిండి పొంగేది వేడికి. చల్లగా ఉంచితే పొంగదు. పొంగకపోతే పొద్దున్న మగ్గు కూడా సాయంత్రం మగ్గంత బరువుంటుంది. నాకు ఫ్రిజ్ ఉంది గానీ అందులో పాల గిన్నె, పచ్చిమిరపకాయలు పడతాయి, టబ్బు పట్టదు. ఐసు కావాలి. ఖరగ్‌పూర్‌లో దిమ్మల్లెక్కన ఐసు ఎక్కడ దొరుకుతుంది? చేపల బజార్లో. రిక్షా కట్టించుకుని వెళ్ళి, ఒక చేపల దుకాణంవాణ్ణి బతిమాలి, గోనెసంచి నిండా ఐసు తెచ్చాను. పెళ్ళిళ్ళలో నీళ్ళు పట్టే పెద్ద రేకు టబ్బు ఒకటి ఇంట్లో ఉంది. అందులో ఐసు పోసి, దాని మధ్య పిండి టబ్బు దించి, పైన ఆ తడి గోనెసంచే కప్పేశాను. చల్లదనం పోకుండా గట్టిగా చుట్టాను కూడా. నా తెలివికి నేనే మురిసిపోయాను.

శుక్రవారం పొద్దున్న గోనె తీశాను. పిండి పోసినది పోసినట్టే ఉంది. వేలు పెడితే వేలు జివ్వుమంది. ఒక్క బుడగ లేదు. ఆనందంతో మూత తీసి వంగేసరికి ముక్కు బద్దలయింది.

చేప.

ఐసు చేపల మీది ఐసు. గోనె చేపలు చుట్టిన గోనె. ఆ నీళ్ళు పిండిలోకి కారాయో, వాసనే ఎక్కిందో తెలియదు గానీ, నా మినప్పిండి నిండా ఇలిశ చేప వాసన. అందులోనూ శుక్రవారం. మా వీధిలో శుక్రవారం నాడు చేప మాట ఎత్తితేనే తలస్నానం చేసే ఆడవాళ్ళున్నారు. కొత్తగా రుబ్బడానికి టైము లేదు, ఏడు కావస్తోంది. రేకు టబ్బు ఈడ్చి మంచం కింద తోసేశాను. గుమ్మంలో మూడు అగరొత్తులు వెలిగించాను, చాలక ఇంకో మూడు వెలిగించాను. ఇప్పుడు ఇల్లంతా చేపకి పూజ చేస్తున్నట్టు తయారైంది.

దీదీ చెప్పిన టైముకే వచ్చింది. చెక్కపెట్టెలో తక్కెడ, ఇత్తడి తూనిక రాళ్ళు. వాటి మీద సర్కారు ముద్ర ఉంది. వరండా నిండా జనం. అప్ప వీధికి అవతలే, తన గేటు పట్టుకుని నిలబడింది. దీదీ రమ్మంటే వచ్చింది, నా వైపు చూడకుండా.

దీదీ ముక్కు ఎగబీల్చింది. "మాసీమా, మాఛ్?"

చేప వండుతున్నారా అని. బెంగాలీ పిల్ల కదా, ముఖంలో అసహ్యం లేదు, కాస్త ఆశే ఉంది.

"పక్కింట్లో దీదీ," అన్నాను. పక్కింటావిడ అక్కడే ఉంది. కళ్ళు ఇంతవి చేసింది, నోరు తెరవలేదు. నా పక్షం కదా.

మగ్గుతో ముంచాను. ఎప్పట్లాగే పైపైన, మెల్లిగా. దీదీ తూచింది. మగ్గు బరువు తీసేసింది. ఇంకోసారి ముంచమంది, ఇంకోసారి తూచింది. రెండుసార్లూ కిలోకి పైనే. చేతిలో పుస్తకం తీసి ఏదో రాసుకుని, ఫిర్యాదు నిలబడదు, తూకం సరిగ్గానే ఉంది అని హిందీలో చెప్పింది.

వరండా గొల్లుమంది.

"సెప్పినానా! పిన్ని మీదనేటి పితూరీ?"

"సూడమ్మా, ఇప్పుడు నీ తూకానికే తూకమెయ్యాలి!"

"గార్డుగారి పెళ్ళాం గదా, పచ్చజెండా ఊపడం అలవాటు!"

మామూలుగా అయితే అప్ప ఒక మాటకి నాలుగు అంటించే మనిషి. ఎవరేమన్నా నవ్వుతూనే చెంప పగలగొడుతుంది. ఆ రోజు మాత్రం క్యాలెండరు కాగితాన్ని మడిచింది, మళ్ళీ మడిచింది, ఇంక మడత పడనంత చిన్నది చేసి జాకెట్టులో దోపుకుంది. తన తూకాన్ని తనే నమ్మడం మానేస్తోందని నాకు తెలిసిపోయింది. సుగరుకి తిండి కొలుచుకునేది ఆ తూకం మీదే. ఇంటికెళ్ళి దాన్ని ఏ మూలో పడేసి, రేపట్నుంచి చేతికొచ్చినంత అన్నం పెట్టుకు తింటుంది. దీన్ని చంపి నేను పిండి అమ్ముకోవాలా?

మంచితనమని అనుకోకండి. ఆవిడ పోతే నన్ను తిట్టేవాళ్ళుండరు. మిగతా ఆడవాళ్ళు నన్ను పొగుడుతారు, పొగడ్త ఎంతసేపు వింటాం?

"దీదీ, ఓ నిమిషం ఆగండి," అన్నాను.

లోపలికెళ్ళి మంచం కిందనుంచి రేకు టబ్బు ఈడ్చుకొచ్చాను. సగం కరిగిన ఐసు, నల్లటి నీళ్ళు, నీళ్ళలో నాలుగు చేప పొలుసులు. వరండా మధ్యలో పెట్టాను. ఆడవాళ్ళు చెంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగారు.

"పిండి పొంగకుండా ఐసులో పెట్టినాను. అప్ప తూకమే నిజం. రోజూ పొద్దున్న తక్కువే ఇస్తన్నాను. తెలిసే ఇస్తన్నాను."

ఇది నేను హిందీలో చెప్పాలనుకున్నాను గానీ సగం తెలుగే వచ్చింది. దీదీకి ఐసు చూశాక భాషతో పనిలేకపోయింది. పక్కింటావిడ అందరికంటే ముందు అందుకుంది.

"ఓలమ్మో! శుక్రవారం నాడు సేపల నీళ్ళలో ఇడ్లీపిండేటి! నన్ను సేపలు వండినానని సెప్పినావేటి పిన్నీ!"

దీదీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మాసీమా, ఎందుకు చేశారు అని అడిగింది. దొంగనని తేలిపోతానని, అన్నాను. తూకం తక్కువ ఇవ్వడం ఒక తప్పు, పరీక్షని మోసం చెయ్యడం ఇంకో పెద్ద తప్పు అని ఆవిడ చెప్పింది. గొంతు పెంచలేదు. తర్వాత అప్ప వైపు తిరిగి, ఫిర్యాదు మీది, ఏం కావాలో మీరు చెప్పండి, జిల్లా ఆఫీసుకి పంపమంటే పంపుతాను, ఇక్కడే తేల్చుకుంటామంటే ఇక్కడే రాస్తాను అంది.

అప్పకి ఏం కావాలో అప్పకి తెలియదు. వారం రోజులు తూచిన మనిషి ఆ సంగతి ఆలోచించనే లేదు. కాసేపు రేకు టబ్బు వైపు చూసింది, కాసేపు నా వైపు చూసింది.

"నా లెక్క నిజమని అది నోటితో సెప్పాలి. ఇప్పుడు సెప్పింది గొణిగినట్టు సెప్పినాది. వీధి సివర్న ఉన్నోలికి కూడా ఇనబడాల."

"సెప్పినాను కదే!"

"ఇనబడనేదు."

నేను మెట్టు దిగి వీధిలోకి వెళ్ళాను. మా ఆయన వర్క్‌షాపులో సమ్మె చేసినప్పుడు కూడా అంత అరిచి ఉండడు.

"ఓలమ్మలారా, ఇనండి! ఈ గార్డుగారి పెళ్ళాం తూకం నిజం! పొద్దున్నపూట నాను మీకు గాలి అమ్మినాను! ఈ ముసిలిదాని కళ్ళు పేలిపోనూ, అవి కళ్ళు కావు, తక్కెళ్ళు! ఇది సచ్చి సొర్గానికెళ్ళినా అక్కడ పుణ్యం తక్కువ తూసినారని పితూరీ ఎడతాది!"

దీదీ పెన్ను పట్టుకుని, చివర ఏమన్నారు అని అప్పని అడిగింది.

"మాఫీ మాంగ్ రహీ హై," అంది అప్ప. క్షమాపణ అడుగుతోందట. ముఖం రాయిలా పెట్టుకుని చెప్పింది.

దీదీ అదే రాసింది. కింద వేలిముద్ర వెయ్యమంటే, సంతకం వచ్చు అని చెప్పి, పెన్ను తీసుకుని నా పేరు నాలుగు ముక్కలుగా పెట్టాను. మగ్గు పట్టుకెళ్ళిపోయింది. మగ్గుకి రసీదు ఇచ్చింది. స్నానం మగ్గుకి సర్కారు రసీదు, మా ఆయన చూసి ఉంటే మురిసిపోయేవాడు. ముద్ర వేసిన తూకం కొనుక్కునే దాకా అమ్మకం బందు. ఈ పిండి మాత్రం ఎవరికీ అమ్మకూడదు అని రెండుసార్లు చెప్పి వెళ్ళింది.

జనం కూడా వెళ్ళిపోయారు. పక్కింటావిడ తలుపు గట్టిగా వేసింది, నాకు వినబడాలనే. టబ్బు నిండా పిండి, నేను, అగరొత్తుల బూడిద మిగిలాం. కాలవలో పారబోద్దామని టబ్బు ఎత్తుతుంటే వీధి అవతలనుంచి అప్ప కేక.

"ఏటే, అంత పిండి పారబోస్తావేటి? సిగ్గులేదు?"

"సేపల కంపు."

"శుక్రవారం వాసన శుక్రవారమే. శనివారం నాడు అల్లం, పచ్చిమిరపకాయలు దంపి దిబ్బరొట్టె ఏస్తే ఎవడికి తెలుస్తాది?" అని పెద్ద గిన్నె పట్టుకుని వచ్చింది. డబ్బులివ్వబోయింది.

"దీదీ అమ్మొద్దన్నాది. ఊరికే పట్టుకుపో," అన్నాను. గిన్నె నింపాను. వరండాలో కూర్చుంది. టీ పెట్టమని అడగలేదు, నేనే పెట్టాను. పంచదార లేకుండా పెట్టాను.

శనివారం మధ్యాహ్నానికే తిరిగొచ్చింది, ఖాళీ గిన్నె నా ముందు ఠంగుమని పెట్టి.

"రొట్టె నిండా కంపే. గార్డుగారు ఒక ముక్క నోట్లో ఎట్టుకుని మూడుసార్లు పుక్కిలించినారు. దీదీకి ఫోను సేసినాను."

"మళ్ళీ ఏటి!"

"ఊరికే ఇచ్చినదాని మీద పితూరీ ఎట్టకూడదంట. డబ్బులిచ్చి కొంటేనే సట్టమంట. ఊరికే తిన్నోలికి అడిగే హక్కులేదంట." ఆవిడ కొంగుముడి విప్పుతూ అంది, "ఇంక నీ దగ్గర టీ కూడా ఊరికే తాగను. రేపట్నుంచి ప్రతీదానికీ డబ్బులిస్తాను. అప్పుడు సెప్తాను నీ సంగతి."

కొత్త తూకం రావడానికి పదిహేను రోజులు పట్టింది. వచ్చిన రోజు పొద్దున్న ఆరింటికి వరండాలో ఉన్నది ఆవిడొక్కతే. మిగతావాళ్ళు ఒక్కొక్కరే, సాలువా ఆవిడ ముందు, పక్కింటావిడ ఆఖర్న, ఎండలు తగ్గే లోపల తిరిగొచ్చారు. కొందరు ఇంకా రాలేదు. వాళ్ళని నేనేమీ అనలేను.

ఆ మొదటి రోజు టబ్బులో పిండి పొంగి, బుడగలు తేలుతూ ఉంది. నేను గరిటె తీసుకుని అడుగునుంచి కలపబోయాను.

"కలపకు," అంది అప్ప. "తూసి ఇస్తన్నావు కదా, ఇంక గాలి ఉంటే నీకేటి, నాకేటి? ఇడ్లీ మెత్తగొస్తాది."

తూచాను. ముల్లు దగ్గర ముక్కు పెట్టి చూసింది. గిన్నె బరువు తీసేశావా అని ఒకసారి అడిగింది. తీసేశానంటే, నిజంగా తీసేశావా అని ఇంకోసారి అడిగింది.